కంప్యూటరు జాతకమూ, రఘునాథపల్లి పాసింజరూ

సాంబయ్య సేటు పోయాడని నాకు ఆలస్యంగా తెలిసింది. కర్మకాండలన్నీ అయిపోయాక ఒక ఆదివారం పరామర్శకని హనుమకొండ వెళ్ళాను. తొంభై దగ్గరపడిన మనిషి, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట. అటువంటి చావుకు ఎవరూ గుండెలు బాదుకోరు. కోడలు టీ ఇచ్చింది, ఆఖరి రోజుల్లో ఆయన ఏం తిన్నదీ ఏం తిననన్నదీ చెప్పింది, ఆ తర్వాత ఒకటి చూపిస్తానని దేవుని అర్ర తలుపు తీసింది. లక్ష్మీదేవి పటానికి ఎడమవైపు, పీట మీద, జరీ అంచు పట్టుగుడ్డ కప్పుకొని మా పాత కంప్యూటరు కూర్చుని ఉంది. నుదుట కుంకుమ. మెడలో, అంటే తెరకూ కింది పెట్టెకూ మధ్యన, వాడిపోయిన బంతిపూల దండ. మామయ్య రోజూ దండం పెట్టుకునేవాడని, ఇప్పుడు తీసేద్దామంటే ఇంట్లో అందరికీ భయంగా ఉందని కోడలు అంది. నాకు నవ్వు ముంచుకొచ్చింది. పరామర్శకు వచ్చి నవ్వితే ఏం బాగుంటుందని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే, నేను ఏడుస్తున్నాననుకుని ఆవిడ కూడా ఏడవడం మొదలుపెట్టింది. ఇద్దరం కాసేపు అట్లాగే ఉన్నాం.

నా పెళ్ళికి ముందు ఆ పెట్టె ముందరే కూర్చుని ఉద్యోగం చేశాను. ఎనభైల చివరి మాట. సేటుది చౌరస్తా దగ్గర పెళ్ళి కార్డుల దుకాణం. లోపలికి అడుగుపెడితే అచ్చు సిరా వాసన, కార్డుల అంచులకు రాసే పసుపు వాసన, ఎండాకాలం అయితే కూలరులోని వట్టివేళ్ళ తడి వాసన. ఆ రోజుల్లో వరంగల్‌లో కంప్యూటరు అంటే బ్యాంకులో అద్దాల గదిలో ఉండేది, చెప్పులు విడిచి లోపలికి పోవాలి. అటువంటి వస్తువును కార్డులు అమ్ముకునే మనిషి ఎందుకు కొన్నాడయ్యా అంటే, ఆయన లెక్క ఆయనకు ఉంది. జాతకాలు చూసి పొంతన చెప్పే ప్రోగ్రాము ఒకటి హైదరాబాదులో వచ్చిందని విన్నాడు. ఎవరో పంతులూ ఎవరో ఇంజినీరూ కూడి తయారు చేశారట. "జాతకం మన తాన్నే కలిసిందనుకో బిడ్డా, కార్డులు వేరే తాన ఎందుకు కొట్టిస్తరు?" అన్నాడు నన్ను పనిలోకి తీసుకున్న రోజే. కలవకపోతే కార్డులు ఉండవు కాబట్టి, దుకాణానికి వచ్చిన ప్రతి జాతకమూ కలిసి తీరాలని ఆయన గట్టి పట్టు. ఏదన్నా కలవకపోతే నా వెనక నిలబడి మెల్లగా దానికి జర చెప్పిచూడరాదా అనేవాడు, నేనేదో పెద్దమనిషి తరఫున రాయబారానికి కూర్చున్నట్టు.

మా ఇల్లు కొత్తవాడలో. బాపు జంపఖానాల వ్యాపారి దగ్గర గుమాస్తా. పొద్దున లేస్తే ఒకవైపు మగ్గాల చప్పుడు, ఒకవైపు అద్దకం గోలెంలో రంగు ఉడుకుతున్న వాసన, మధ్యలో అమ్మ జొన్నరొట్టె కొట్టే చప్పుడు. ఎవరూ ఆలస్యం కాకూడదని బాపు గోడ గడియారాన్ని ముందుకు తిప్పి పెట్టేవాడు. ఎంత ముందుకో ఎవరికీ చెప్పేవాడు కాదు, చెబితే తీసేసి లెక్కపెట్టుకుంటారని. అమ్మ ఆ గడియారాన్ని అసలు చూసేదే కాదు. మిల్లు సైరన్ వినబడితే బియ్యం కడిగేది, మసీదులో అజాన్ వినబడితే దీపం పెట్టేది. నన్ను కన్నది ఎన్ని గంటలకని ఒకసారి అడిగితే, మన గడియారంలో అయితే నాలుగు, ఊరి గడియారంలో ఎంతో మీ బాపునడుగు అంది. బాపును అడిగితే ఆ ఏడు ఎంత ముందుకు పెట్టానో గుర్తులేదన్నాడు. ఇటువంటి ఇంట్లో పుట్టి, టైపు హయ్యరు పాసై, హైదరాబాదులో చిన్నమ్మ ఇంట్లో ఉండి కంప్యూటరు నేర్చుకుని వచ్చి, జనానికి నిమిషాలతో సహా పుట్టిన వేళ చెప్పమనే పని నాకు పడింది. ఎవరి ఖర్మకు ఎవరు బాధ్యులు.

వచ్చినవాళ్ళకు ఈ పెట్టె ఏమిటో చెప్పడం ఒక ఎత్తు, ఏది కాదో చెప్పడం ఇంకో ఎత్తు. తెరను చూడగానే టీవీ అనుకుని పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టేవారు. టీవీ కాదమ్మా అంటే మరి బొమ్మలెందుకు రావు, చెడిపోయిందా అని సానుభూతి చూపేవారు. లోపల పంతులు ఉన్నాడా అని ఎవరూ సూటిగా అడగలేదు కానీ, ప్రోగ్రాము రాసిన పంతులుగారి గోత్రమేమిటని చాలామందే అడిగారు. దీనికి యాది ఉంటదా అని ఒకాయన అడిగితే, ఉంటుంది కానీ కరెంటు పోతే అప్పటిదాకా చెప్పిందంతా మరిచిపోతుందని చెప్పాను. పక్కనున్న ఆయన భార్య, మీ అమ్మ కూడా అంతే కదా, కరెంటు ఉన్నా కూడా అంది. నా నోరు మంచిది కాదని అప్పటికే పేరు కాబట్టి నేను మధ్యలో దూరలేదు. చెప్పి చెప్పి విసుగెత్తి చివరికి నేనొక మాట పట్టుకున్నాను. ఇది గిర్నిలాంటిదమ్మా, మీరు జొన్నలు పోస్తే జొన్నపిండి వస్తుంది, రాళ్ళు పోస్తే రాళ్ళపొడి వస్తుంది, పిండికి గిర్నిని తిట్టి లాభం లేదు అనేదాన్ని. ఇంతకన్నా మంచిగా కంప్యూటరు గురించి ఆ తర్వాత కూడా నాకెవరూ చెప్పలేదు. సేటుకు మాత్రం ఆ పోలిక నచ్చలేదు. లక్షణంగా ఉన్న మిషన్ను పట్టుకుని పిండిగిర్ని అంటవేందని చిన్నబుచ్చుకున్నాడు.

ఆయన భక్తి ఇంకో రకం. దసరాకు ఆయుధపూజ నాడు దుకాణంలోని కత్తెరలకూ కాగితం కోసే మిషన్‌కూ బొట్లు పెట్టుకుంటూ వచ్చి, నేను చూడకుండా ఫ్లాపీ మధ్యలో నల్లగా మెరిసే చోట గంధం రాసి కుంకుమ పెట్టాడు. ఫ్లాపీ అంటే ప్రోగ్రాము ఉండే పలచని నల్లటి అట్ట. దాన్ని వేలితో తాకవద్దని ఆయనకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. మర్నాడు మిషన్ అందరి జాతకాలకూ ఒకే జవాబు చెప్పింది, చదవలేకపోతున్నానని. హైదరాబాదు నుంచి ఇంకో ఫ్లాపీ వచ్చేదాకా దుకాణం మూగబోయింది. గంధం రాసినంత మాత్రాన చదువు మరిచిపోయేది అదేం సరస్వతి అని సేటు నన్నే దబాయించాడు. ఇక ప్రింటరు సంగతి. అది సూదులతో టకటకా కొట్టే రకం, కాగితం కదిలినప్పుడల్లా కీచుమనేది. అది మెత్తగా కొడితే మంచి జాతకమని, కీచుమంటే దోషమని జనం వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టారు. కాగితం చేతికి రాకముందే ఆ చప్పుడు విని కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. అందుకని నేను వారానికోసారి దానికి నూనె వేసేదాన్ని. అప్పటి నుంచి మా దుకాణంలో జాతకాలు బాగా కలుస్తున్నాయని పేరొచ్చింది.

రాజవ్వ మా దుకాణానికి వచ్చింది ఆ రోజుల్లోనే. రఘునాథపల్లి నుంచి మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల పేరు స్వరూప. ఆ పిల్లను కంటూనే తల్లి పోయింది, తండ్రి ఇంకో పెళ్ళి చేసుకుని బతకడానికి ఎటో పోయాడు, పెంచింది నాయనమ్మే. పక్క ఊరి వెంకటయ్య కొడుకు సమ్మయ్యతో సంబంధం అనుకున్నారు. అబ్బాయి కరెంటు లైన్‌మన్. పిల్లను చూసుకోవడానికి వచ్చినప్పుడు వాళ్ళ ఇంట్లో పాడైన బల్బు హోల్డరు కూడా బాగుచేసి పోయాడట. ఆ మాట చెప్పేటప్పుడు స్వరూప తల దించుకుని నవ్వింది, అంతకన్నా ఇంకేం చెప్పాలి. అడ్డమల్లా ఒకటే. సమ్మయ్య వెంకటయ్యకు ఒక్కడే కొడుకు, దినమంతా స్తంభాలెక్కి తీగలు ముట్టుకునే పని. పిల్లకు కుజదోషం ఉంటే మొగుడికి గండమంటారు కాబట్టి, ఆ దోషం లేదని రుజువైతేనే చేసుకుంటామని వెంకటయ్య అన్నాడు. ఊరి పంతులు, వేళ సరిగ్గా తెలియని పిల్లకు నేను చెప్పలేనని చేతులెత్తేశాడు. ఈ కారణంగానే అంతకుముందు వచ్చిన సంబంధం కూడా తప్పిపోయింది. మనిషి పొరపాటు పడొచ్చు, మిషన్ పడదు కదా అని అందరూ కలిసి మా మీద పడ్డారు.

పుట్టిన రోజు తెలుసు. సద్దుల బతుకమ్మ తెల్లారి. పాత పంచాంగంలో తారీకు దొరికింది. వేళ ఎంత అని అడిగాను. పొద్దుటి పాసింజర్ బండి టేషన్‌లో ఆగి కూత పెట్టినప్పుడని రాజవ్వ చెప్పింది. వాళ్ళ ఇల్లు పట్టాల పక్కనే. కూత వినబడటమూ పిల్ల ఏడవటమూ ఒక్కసారే అట. సేటు తెలిసినవాళ్ళ ద్వారా ఆ కాలపు బండి వేళ తెప్పించాడు. అది కొట్టాను. ప్రింటరు, నా నూనె అంతా వృథా చేసి, కీచుమంది. కుజుడు ఏడో ఇంట్లో కూర్చున్నాడు, నిక్షేపంగా. రాజవ్వ కాగితం ముట్టుకోలేదు. ఆ రోజు బండి ఆలస్యంగా వచ్చిందని అంది. తన మరిది బర్రె పట్టాల మీద పడి చచ్చిందని, దాన్ని లాగేదాకా బండి ఊరి బయటే నిలబడిందని, ఇంట్లో ఒకవైపు పురుడు, వాకిట్లో ఒకవైపు బర్రె కోసం ఏడుపని చెప్పింది. అరగంట కలిపి కొట్టి చూశాను. లగ్నం మారింది, కుజుడు బుద్ధిగా ఆరో ఇంట్లోకి జరిగాడు, దోషం లేదు. సేటు అప్పుడే కార్డుల నమూనాల పెట్టె కిందికి దించాడు. వెంకటయ్య మాత్రం ఒప్పుకోలేదు. "ఇప్పుడు గావాలంటె ఎవలైనా బండిని ఆలస్యం జేస్తరు. రైలోడు చెప్పాలె. చెప్తె నేను రేపే ఖాయం జేస్త" అన్నాడు. అన్యాయంగా ఏమీ అనలేదు, నిజం చెప్పాలంటే.

ఆ బండికి గార్డుగా చేసిన జాకబ్ తాత పదవీ విరమణ తర్వాత డోర్నకల్‌లో ఉంటున్నాడని తెలిసింది. రాజవ్వ, వెంకటయ్య, సేటు, నేను బయలుదేరాం. సేటు ఎందుకంటే కార్డుల కోసం. నేనెందుకని అడిగితే, మిషన్ తరఫున ఒక మనిషి ఉండాలె గదా అన్నాడు. మేమెక్కిన పాసింజరు మహబూబాబాద్ దాటాక ఒక పొలంలో ఆగిపోయింది. పక్కన రైతు కలుపు తీయడం మొదలుపెట్టి, ఒక చెక్క పూర్తిచేసి, సద్ది విప్పుకుని తిన్నాక మళ్ళీ కదిలింది. జాకబ్ తాతకు ముందే కబురు పంపాం కాబట్టి ప్లాట్‌ఫాం మీదే ఎదురుచూస్తున్నాడు. తెల్లటి చొక్కా, గుండీలన్నీ పెట్టుకుని, నిటారుగా ఉన్నాడు. మమ్మల్ని చూసి చేతి గడియారం చూసుకుని, బండి టైముకే వచ్చిందని మెచ్చుకున్నాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

వాళ్ళింట్లో ఇడ్లీ పెట్టారు, టీ ఇచ్చారు. రాజవ్వ తన కోడలు పోయిన సంగతి చెబుతుంటే ఆ ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషి, దాంట్లో సందేహం లేదు. బర్రె గుర్తుందా అని అడిగితే గుర్తుందన్నాడు, దాని కొమ్ములు ఎట్లా తిరిగి ఉన్నాయో కూడా చెప్పాడు. సేటు ముఖం వెలిగిపోయింది. అయితే ఆ రోజు బండి ఆలస్యంగా వచ్చినట్టే కదా అని వెంకటయ్య అడిగాడు. జాకబ్ తాత టీ కప్పు కింద పెట్టాడు. "నా సర్వీసుల నా బండి ఒక్క దినం ఆలస్యం గాలే. సిగ్నల్ ఆలస్యం అయితది. ఇంజన్ ఆలస్యం అయితది. గా రోజు బర్రె ఆలస్యం అయింది. గవన్ని వాళ్ల ఆలస్యాలు, నా బండిది గాదు" అన్నాడు. మరి టేషన్‌కు ఎప్పుడు వచ్చినట్టు అని నేనడిగాను. రావలసినప్పుడే అన్నాడు. రాజవ్వ ఆయన ముందు నేల మీద కూర్చుని, తన పిల్ల పెండ్లి ఆయన నోట్లో ఉందని, ఒక్క మాట అనమని బతిమిలాడింది. ఆయన ఆమె చేతులు పట్టుకుని, ఆ పిల్ల కోసం ప్రార్థన చేస్తానన్నాడు, పెండ్లికి పట్టుచీర పెడతానన్నాడు, ఆ మాట మాత్రం అనలేనన్నాడు. తిరుగు బండి ఎక్కాం. రాజవ్వ కిటికీ దగ్గర కూర్చుని, ఆగిన ప్రతి టేషన్‌లోనూ బయటికి చూసి, ఇదిగో ఇది కూడా ఆలస్యమే కదా బిడ్డా అని నన్ను అడుగుతూ వచ్చింది. అవునవ్వా అన్నాను ప్రతిసారీ. ఆ ముసలాయన మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆ వారంలోనే వెంకటయ్య కొడుకును తీసుకుని దుకాణానికి వచ్చాడు. సంబంధం వదులుకుంటున్నామని, ముఖాన చెప్పడం ధర్మమని రాజవ్వనూ స్వరూపనూ కూడా పిలిపించాడు. స్వరూప గోడకు ఆనుకుని నిలబడింది. సమ్మయ్య నేల చూస్తున్నాడు. వేరే సంబంధాలవాళ్ళకు చూపించడానికి ఊరి పంతులు రాసిచ్చిన కొడుకు జాతకాన్ని మంచి కాగితం మీద మిషన్‌తో కొట్టి ఇమ్మని వెంకటయ్య అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ పని పని. తారీకు అడిగాను. జూలై ఒకటి అన్నాడు. వేళ అడిగాను. పది గంటలన్నాడు, బడి గంట కొట్టినంక అని కూడా కలిపాడు. మిషన్ మీద నా వేళ్ళు ఆగిపోయాయి. అప్పుడు మీరు నాట్లలో ఉన్నారా అని మామూలుగా అడిగాను. నాట్లు కాదమ్మా, కంది కోసే కాలం, వీని తల్లికి చేన్లనే నొప్పులొచ్చినయ్ అన్నాడు.

జూలైలో కంది ఎక్కడ కోస్తారని అడిగాను. వెంకటయ్య నన్ను జాలిగా చూశాడు. ఆ తారీకు బళ్ళో సారు రాసిందని, ఊళ్ళో మగపిల్లలందరికీ ఆ తారీకేనని, సారుకు అది సులువని వివరించాడు. పది గంటలకు బడిలో చేర్చుకున్నారు కాబట్టి వేళ కూడా అదే పెట్టుకున్నాడు. అది మీ కొడుకు బడిలో చేరిన వేళ, పుట్టిన వేళ కాదు, ఇన్నాళ్ళూ మీరందరూ మురిసిపోయిన జాతకం ఆ సారు కలం పట్టుకున్న ముహూర్తానిది అని చెప్పాను. ఆయన తొణకలేదు. "సర్కారు గా తారీకునే నమ్మి నౌకరిచ్చింది. సర్కారు నమ్మంగ లేంది, నీ మిషన్ నమ్మదా?" అన్నాడు. నేను మీటల మీంచి చేతులు తీసేశాను.

సేటు మెదడు మాత్రం మెరుపులా పనిచేసింది. స్వరూప కూడా ఏడో తరగతి చదివింది కదా, ఆమె సర్టిఫికెట్ తారీకు కూడా పెడితే సరి, ఇద్దరిదీ సర్కారు తారీకే అవుతుందన్నాడు. ఆ పిల్లకు కూడా వాళ్ళ ఊరి సారు జూలై ఒకటే రాశాడు, సంవత్సరం మాత్రమే వేరు, వేళ అదే బడి గంట. వెంకటయ్య ఆలోచించి, సమానంగా ఉంటే తనకేం అభ్యంతరమన్నాడు. కొట్టాను. ప్రింటరు పెళ్ళికూతురిలా మెత్తగా సాగింది. దోషం లేదు, పొంతన బ్రహ్మాండం. సేటు చప్పట్లు కొట్టాడు. రాజవ్వ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుంది. పోయిందనుకున్న సంబంధం తిరిగొచ్చింది. అంతా అయిపోయిందనే అనుకున్నాను నేను కూడా.

స్వరూప గోడ దగ్గరి నుంచి కదిలి వచ్చింది. ఆ కాగితం నాయనమ్మ చేతిలోంచి తీసుకుని నా బల్ల మీద పెట్టింది. "గిది నాది గాదు" అంది. "బండి కూత వెట్టినప్పుడే నేను పుట్టిన. గా కూతకే మా అమ్మ పాణం బోయింది. మా అమ్మది నా తాన వేరే ఏమి లేదు, ఫోటో గూడ లేదు, గా యాల్ల ఒక్కటే ఉన్నది. గది మార్చుకొని నేను పెండ్లి చేసుకోను." రాజవ్వ, నా బిడ్డా, నా బిడ్డా అని ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. వద్దు, ఈ ఒక్కసారికి ఊరుకో అని చెప్పాలని నా నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల ముఖం చూసి చెప్పలేకపోయాను. ఎదురుగా నిలబడినవాడు ఆమెకు ఎంత ఇష్టమో దుకాణంలో అందరికీ తెలుసు, ఆమె చేతులారా వదిలేసుకుంటోందనీ తెలుసు.

అప్పటిదాకా నోరు విప్పని సమ్మయ్య తండ్రి వైపు తిరిగాడు. "బాపు, నా తారీకు నాది గాదని తేలిపాయె. అంటె నాకు జాతకమే లేదు. జాతకమే లేనోనికి దోషం యాడ తాకుతదే?" అన్నాడు. వెంకటయ్య బెంచీ మీద కూర్చున్నాడు. చాలాసేపు మిషన్ను చూశాడు. తారీకు ఏమీ ఇవ్వకుండా దాన్ని అడిగితే ఏం చెబుతుందో అడగమన్నాడు నన్ను. ఖాళీగా వదిలి మీట నొక్కాను. తెర మీద మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. ఏమంటున్నదని అడిగాడు. పుట్టిన తారీకు ఎంత అని మిమ్మల్నే అడుగుతోందని చెప్పాను. ఇంకోసారి నొక్కమన్నాడు. ఇంకోసారి అదే. ఆయన ముఖంలో మెల్లగా ఏదో మారింది. ఆ పెట్టె ముందు కూర్చున్న ఇన్ని నెలల్లో నేను చెప్పలేకపోయింది ఆయనకు తనంతట తానే తెలిసింది. "అన్ని మమ్ములనే అడిగేదాన్ని పట్టుకొని, మేం దాన్ని అడుగుడేందమ్మ" అన్నాడు. లేచి కండువా దులుపుకుని, రాజవ్వతో లగ్నం ఎప్పుడు పెట్టుకుందామని అడిగాడు. సేటు నమూనాల పెట్టె తెచ్చేలోపు రాజవ్వ ఏడుస్తూనే, గులాబీ రంగు కార్డు వద్దు, పసుపుది కావాలని చెప్పేసింది.

పెళ్ళి జరిగింది. జాకబ్ తాత నిజంగానే పట్టుచీర తెచ్చాడు, ముహూర్తం దాటిపోయాక వచ్చి, టైముకే వచ్చానన్నాడు. సమ్మయ్య ఉద్యోగమంతా స్తంభాలెక్కి దిగి, వేలికి దెబ్బ కూడా తగలకుండా పెన్షను తీసుకుంటున్నాడు. పడింది ఒక్కసారే, అదీ ఇంట్లో మంచం మీది నుంచి. ఇప్పుడు నా ఫోనులో నేను ఎన్ని అడుగులు వేశానో, ఎంతసేపు నిద్రపోయానో ఉంటుంది. నా ఫోటోలు ఫోనులో లేవు, ఇంకెక్కడో ఉన్నాయని మా కోడలు చెబుతుంది. ఎక్కడమ్మా, ఏ ఊళ్ళో, ఎవరింట్లో అని నేను అడుగుతాను. ఆ పిల్ల ఓపికగా మళ్ళీ మొదటి నుంచి చెబుతుంది. పిల్లల పెళ్ళిళ్ళకు అందరూ ఫోనునే అడుగుతున్నారు. అది కూడా ముందు తారీకు, వేళ, ఊరు మనల్నే అడుగుతుంది. మేము అప్పుడు పిచ్చివాళ్ళమని ఇప్పటివాళ్ళు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. మా మిషన్ దగ్గర కనీసం దాని తరఫున జవాబు చెప్పడానికి ఒక మనిషి ఉండేది.

స్వరూపకు పెళ్ళయిన మరుసటి ఏడు దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. రాజవ్వ భయంతో రెండు రోజులు అన్నం ముట్టలేదు, కోడలికి జరిగిందే మనవరాలికీ జరుగుతుందేమోనని. ఏమీ కాలేదు. సేటు నాకు తెల్ల కాగితం ఇచ్చి, దవాఖానలో గోడకు పెద్ద గడియారం ఉంటుంది, ఈసారి పుట్టిన వేళ నిమిషంతో సహా రాసుకుని రా, ఈ పిల్ల జాతకం మనమే బహుమానంగా వేద్దామని పంపాడు. నేను వెళ్ళేసరికి స్వరూప బిడ్డను ఒళ్ళో పెట్టుకుని దాని ముఖం వైపే చూస్తోంది. కుశలమడిగి, ఎన్ని గంటలకు పుట్టింది అని అడిగాను. ఎదురుగా గోడ మీద గడియారం నడుస్తూనే ఉంది.

"గడియారం చూడలేదక్కా" అంది, తల ఎత్తకుండానే. "దీన్నే చూసిన. మా అమ్మకు గంత టైం దొరకలే గదా."